రాజభక్తియు పౌరధర్మమును

ఒక జాతి తలంపులను తెలిసికొనుటకు ఆ జాతి వాడుకొన్న మాటలే మొదటి సాక్ష్యములు. తెలుగున రాజభక్తి, స్వామిభక్తి, ప్రభుభక్తి యను మాటలు తరతరములుగ నున్నవి. వాని కెదురుగ రాజద్రోహము, స్వామిద్రోహము అను నేరముల పేళ్లును గలవు. ఉప్పు తిన్న యింటికి కీడు తలపెట్టరాదను నీతి మన పెద్దల నోట నేటికిని వినబడుచునే యున్నది. ఈ మాటలన్నింటను ఋణము ఒక్క దిక్కుననే నడచుచున్నది. క్రిందివాడు పైవానికి అప్పుపడియున్నాడు. పైవాడు క్రిందివానికి పడిన యప్పును తెలుపు మాటలు మనకు లేకపోలేదు గాని, అవి నీతిపద్యములలో నున్నంతగా నిత్యవ్యవహారమున లేవు.

దేశమునకు పెద్దయైన నాయకునియందు భక్తి చూపుటకు పౌరుడు బద్ధుడా యను ప్రశ్న మరల మరల వచ్చుచున్నది. నాయకుని విమర్శించినవానిని దేశమునకే ద్రోహిగ నెంచుట యొక యలవాటుగ మారుచున్నది. ఈ ప్రశ్నను రాజనీతిశాస్త్ర మార్గమునగాక సాహిత్య విమర్శ మార్గమున పరిశీలింపదలచినాము. అందులకొక కారణము గలదు. ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మనలో అనేకుల కుటుంబ కథలు ఒక రాజు పేరితో మొదలగును. విజయనగర సేనల వెంటను, నాయకరాజుల కొలువుల వెంటను సైనికులుగ, కృషీవలులుగ, నేతగాండ్రుగ, కరణములుగ దక్షిణమునకు దిగివచ్చినవారి సంతతి తమిళ కన్నడ సీమలలో ఎల్లెడల నున్నది. రాజును తలచుకొనుట మనకు వంశమును తలచుకొనుటవంటిది. కావున రాజభక్తి యనగా నేమని మన సాహిత్యము చెప్పినదో, ఎచ్చట సరిగా చెప్పినదో, ఎచ్చట తప్పినదో విచారించుట మన పని.

ముందుగ ఆముక్తమాల్యదను చూతము. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు ఈ కావ్యమందలి చతుర్థాశ్వాసమున యామునాచార్యుని నోట రాజనీతిని చెప్పించినాడు. రాజ్యము విడిచిపోవుచున్న తండ్రి రాజ్యమేలబోవు కుమారునకు చేసిన బోధ అది. అందు మొదటనే ప్రజారక్షణమున విసువు చెందకుమనియు, ఆపన్నులు మొరపెట్టిన విని తీర్చుమనియు, నీచులపై కార్యభారము నుంచవలదనియు చెప్పబడినది. దేశము వృద్ధి కావలెనని కోరు రాజుయొక్క మేలును దేశము తానై కోరునని పిమ్మట చెప్పబడినది. ఈ వరుస గమనింపదగినది. ప్రజల యనురాగము రాజునకు పుట్టుకతో వచ్చిన సొత్తని రాయలు చెప్పలేదు. అది రాజు చేసిన రక్షణకు ఫలమని చెప్పినాడు.

అంతకంటె పదునైన పద్యము మరియొకటి గలదు. బాధలు పడి ఊరు విడిచిపోయిన ప్రజలను మరల పిలువక, వారి పశువులను ధాన్యమును అమ్ముకొనవచ్చుననియు, వారి యిండ్ల కలప వంటచెరకగుననియు సంతోషించు అధికారిని రాయలు యుద్ధభూమియందలి నక్కతో పోల్చినాడు. అట్టి యధికారి గల రాజు ఏడు దీవులు గెలిచినను వానికి సమృద్ధి లేదని తేల్చినాడు. ఊరు విడిచిపోయిన ప్రజలను రాజద్రోహులని యాతడు తిట్టలేదు. తప్పు పాలనయందున్నదని నిర్ణయించినాడు. సింహాసనమున గూర్చున్నవాడు ఈ మాట వ్రాయుట చేతనే దీనికి విలువ యెక్కువ.

ఆ కావ్యమందే మత్స్యధ్వజుడను పాండ్యరాజు కథ యున్నది. రాత్రివేళ తన భోగిని యింటికి పోవుచున్న ఆ రాజు, దారిలో ఒక బ్రాహ్మణుడు చదివిన శ్లోకము విని, పరలోకమునకై తానేమియు కూర్చుకొనలేదని పశ్చాత్తప్తుడగును. బ్రాహ్మణుని శ్లోకము రాజును త్రోవలో నిలిపినది. చదివినవానికి రాజు బహుమానములిచ్చునేగాని దండింపడు. కావ్యకథ యంతయు ఆ యొక్క శ్లోకము మీదుగ తిరుగును. వినదగిన మాట బాటసారి చెప్పినను చెవియొగ్గుట రాజలక్షణమని కవి యభిప్రాయము.

ఇక తంజావూరునకు పోవుదము. దక్షిణాంధ్ర సాహిత్యమునకు పుట్టినిల్లని మనము గర్వించు ఆ కొలువులో రఘునాథనాయకుడు స్వయముగ కవి, సంగీతజ్ఞుడు, పోషకుడు. చేమకూర వేంకటకవి విజయవిలాసము నాతనికే యంకితమిచ్చెను. ఆయన కుమారుడు విజయరాఘవనాయకుడు తండ్రి చరితమునే వస్తువుగ గొని రఘునాథాభ్యుదయము రచించెను. రామభద్రాంబ సంస్కృతమున వ్రాసిన రఘునాథాభ్యుదయమున రఘునాథుడు సాక్షాత్తు శ్రీరాముని యవతారముగ కనబడును. పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాస విలాసమునందు, జీవించి రాజ్యమేలుచున్న విజయరాఘవుడే నాయకుడు. ఆయన ప్రణయమే కథ.

ఈ వాఙ్మయమును తక్కువచేయుట మా యభిమతము కాదు. యక్షగానము నాటకముగ పెరిగినది ఇచ్చటనే. స్త్రీలు కవయిత్రులుగ కొలువున నిండుగౌరవము పొందినది ఇచ్చటనే. వీథిలోని భాష, వేడుక, హాస్యము కావ్యమున ప్రవేశించినది ఇచ్చటనే. అయినను రాజునకును ప్రజకును గల సంబంధమును కొలబద్దగ గొని చూచినచో హంపీకిని తంజావూరునకును నడుమ జరిగిన మార్పు కొట్టవచ్చినట్లు కనబడును. రాయలు తన కావ్యమునకు విష్ణువును, గోదాదేవిని, అతిథులకు అన్నము పెట్టిన విష్ణుచిత్తుని వస్తువుగ గొనెను. తంజావూరిలో రాజు తానే కావ్యవస్తువయ్యెను, తానే దేవుడయ్యెను. కావ్యమునకు వస్తువును, శ్రోతయు, వెలనిచ్చువాడును ఒక్కడే యైనపుడు బాటసారి శ్లోకమునకు చోటెక్కడిది?

1673లో మధుర చొక్కనాథనాయకుని సేన తంజావూరిపై బడినది. విజయరాఘవుడు పోరాడి మరణించెను. ఇరుపక్షముల ప్రభువులును తెలుగు నాయకులే. కొలదికాలమునకే ఆ రాజ్యము ఎకోజీ ద్వారా మహారాష్ట్రుల వశమయ్యెను. కవులు పొగడుటచేత రాజ్యము కూలెనని మేమనము. రాజ్యములు కూలుటకు కారణములు పెక్కులుండును. కాని యొకటి చెప్పవచ్చును. రాజు దేవుడని నమ్మిన సాహిత్యము, ఆ రాజు పోయిన మరునాడు ప్రజలకు చెప్పదగిన మాట నొక్కదానిని మిగుల్చుకొనలేదు. ఆ గ్రంథములు మాత్రము సరస్వతీ మహలు గ్రంథాలయమున నిలిచినవి. వానిని కాపాడినవారు మరియొక భాషవారు, మరియొక వంశమువారు. వంశభక్తికంటె విద్యయందలి గౌరవము దీర్ఘాయువని ఇందువలన తెలియుచున్నది.

రాజస్తుతికి ఎదురుతిరిగిన కవులు మనకు లేకపోలేదు. పోతన భాగవతావతారికలో తన కృతిని మానవప్రభువుల పాలు చేయక శ్రీహరికి సమర్పించెను. ధూర్జటి కృష్ణరాయల కొలువువాడని ప్రతీతి. ఆతని పేర వెలసిన కాళహస్తీశ్వర శతకమున రాజసేవను నిరసించినంత తీవ్రముగ మరి యే శతకమునను నిరసింపలేదని చెప్పవచ్చును. వారికంటె ముందే పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బిజ్జలుని కథ చెప్పెను. బసవేశ్వరుడు ఆ రాజునకు మంత్రి. అయినను శివభక్తుల మానము ముందు రాజాజ్ఞ యాతనికి తృణప్రాయము. భక్తులను హింసించిన బిజ్జలుడు కథాంతమున భక్తుల చేతనే హతుడగును. కర్ణాటకమందలి మన సోదరులకు ఈ కథ రెండు భాషలలోను తెలిసినదే.

ఈ కవుల ధైర్యమునకు మేము నమస్కరించుచున్నాము. కాని విమర్శకుడు అంతటితో నూరకుండరాదు. పోతన రాజును విడిచి హరిని చేరెను. ధూర్జటి రాజును విడిచి శివుని చేరెను. రాజద్వారమునుండి మరలిపోవుటకు వారికి దేవాలయమున్నది. కాని మరలిపోవుటకు వీలులేని రైతు సంగతి యేమి? చెడ్డరాజును విడుచుట వారు నేర్పిరి. ఆతనిని అడుగుట నేర్పలేదు. సోమనాథుడు ఎదిరించుట నేర్పెను గాని, ఆ యెదిరింపు కత్తితో ముగిసెను. ఒక భక్తి స్థానమున మరియొక భక్తి నిలిచెను. రాజును దేవుడనుట, రాజును విడిచి దేవుని పట్టుట, దేవుని పేర రాజును చంపుట అను మూడు మార్గములును మన ప్రాచీన సాహిత్యమున సుప్రసిద్ధములు. రాజు ఎదుట నిలిచి, దేశమును విడువక, లెక్క చెప్పుమని యడుగు నాలుగవ మార్గము మాత్రము సన్నగిలిన కాలిబాటవలె నున్నది. ఆముక్తమాల్యద దానిని రాజు పక్షమునుండి చూపినది. ప్రజ పక్షమునుండి చూపినవారు లేరు.

ఆ కొరత ఇరువదవ శతాబ్దమున తీరుట మొదలుపెట్టినది. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమునకు ఆప్తులు. కన్యాశుల్కమును ఆనందగజపతి మహారాజుగారికే యంకితమిచ్చిరి. ఆ కృతజ్ఞత నిష్కపటమైనది. అయినను 1910లో వ్రాసిన దేశభక్తి గేయమున దేశమును నిర్వచింపవలసి వచ్చినపుడు వారు రాజును తలంపలేదు, మట్టిని సైతము తలంపలేదు, మనుష్యులను తలచిరి. ఒక ప్రభువునకు కృతజ్ఞుడై యుండియు దేశమును ప్రభువుతో ముడిపెట్టకుండుట సాధ్యమని ఆయన జీవితమే చూపినది. అంతకు రెండేండ్లు ముందు, 1908లో, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ స్వరాజ్య పత్రికలో ప్రకటించిన వ్యాసమునకై రాజద్రోహ నేరముపై కారాగారమునకు పంపబడిరి. పూర్వకవుల నాట పాపముగ నుండిన రాజద్రోహము ఆ తరముననే గౌరవచిహ్నముగ మారినది.

విమర్శకులలో కట్టమంచి రామలింగారెడ్డిగారిని ఇచ్చట స్మరింపవలెను. మైసూరున ఆచార్యులుగ పనిచేసిన ఆయన 1914లో కవిత్వతత్త్వ విచారమును వెలువరించి, ప్రబంధములను గుడ్డిగ మెచ్చుకొను పద్ధతికి అడ్డుకట్ట వేసిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులై యుండి, 1930లో ఉప్పు సత్యాగ్రహ కాలమున ప్రభుత్వము చేసిన దమనకాండకు నిరసనగ ఆ పదవిని విడిచిపెట్టిరి. గ్రంథమును చూచు చూపుతోనే ప్రభుత్వమును చూచిరనుట ఇందు గ్రహింపవలసినది. మంచిని మంచి యనుటయు చెడును చెడు యనుటయు కావ్యమునకొకటి, రాజ్యమునకొకటి కాదు.

స్వతంత్ర భారతమున ఈ నాలుగవ మార్గమునకు శాసనబలము చేకూరినది. రాష్ట్రపతి తన ప్రమాణమున రాజ్యాంగమును రక్షింతుననియు, ప్రజల సేవకును క్షేమమునకును తన్ను సమర్పించుకొందుననియు చెప్పును. మంత్రులును, శాసనసభ్యులును రాజ్యాంగమునకు విధేయులై యుందుమని ప్రమాణము చేయుదురు. ఈ దేశమున పుట్టిన సామాన్య పౌరుడు ఏ వ్యక్తికిని ప్రమాణము చేయనక్కరలేదు. మన సామెతను రాజ్యాంగము తలక్రిందులు చేసినది. నేడు ఉప్పు తినుచున్నవాడు నాయకుడు, పెట్టుచున్నవారు ప్రజలు. 1976లో 42వ సవరణచే పౌరుల ప్రాథమిక విధులు రాజ్యాంగమున జేర్చబడినవి. అది ఆత్యయిక పరిస్థితి నడచుచున్న కాలము. అట్టి కాలమున కూర్చిన పట్టికలో సైతము రాజ్యాంగము, జాతీయ పతాకము, జాతీయగీతము, దేశసమగ్రత, సోదరభావము మున్నగునవి కలవేగాని నాయకునియందు భక్తి యను విధి లేదు. దానిని చేర్చుటకు ఆనాడును ఎవరికిని నోరు రాలేదు.

ఈ హెచ్చరిక మనకు ముందే చేయబడినది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ప్రసంగించుచు డాక్టరు అంబేద్కరు, మతమున భక్తి మోక్షమార్గము కావచ్చును గాని, రాజకీయములలో భక్తి పతనమునకును నియంతృత్వమునకును దారితీయునని స్పష్టముగ చెప్పిరి. అంతకు ముందే, 1937 నవంబరున, కలకత్తాలోని మోడరన్ రివ్యూ పత్రికలో చాణక్యుడను మారుపేరుతో జవహర్‌లాలు నెహ్రూగారు తమ్ము తామే విమర్శించుకొనిరి. ప్రజల జేజేలు అందుకొను నాయకునిలో నియంత దాగియుండవచ్చునని దేశమును హెచ్చరించిరి. ఇక న్యాయస్థానము చెప్పినదేమి? 1962లో కేదారనాథ్ సింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, చట్టముచే ఏర్పడిన ప్రభుత్వము వేరు, తత్కాలమునకు దానిని నడుపుచున్న వ్యక్తులు వేరని విభజించి, హింసను ప్రేరేపింపని విమర్శ రాజద్రోహము కాదని నిర్ణయించినది. 1870 నాటి ఆ రాజద్రోహపు సెక్షను అమలును సుప్రీంకోర్టు 2022 మేలో నిలిపివేసినది. 2024 జూలై 1 నుండి కొత్త న్యాయసంహిత వచ్చుటతో పాత శిక్షాస్మృతితోపాటు ఆ సెక్షనును తొలగినది. కొత్త సంహిత 152వ సెక్షనున దేశ సార్వభౌమత్వమునకు, సమైక్యతకు భంగము కలిగించు చర్యలను నేరములుగ చెప్పినది. దేశమునకు భంగమును నాయకుని మనస్సునకు భంగమును ఒకటిగ చూడకుండుటయే ఇక మన జాగ్రత్త.

అయినను శాసనము మార్చినంత త్వరగా స్వభావము మారదు. 1969లో రాష్ట్రపతి పదవికి జరిగిన యెన్నికలో ప్రధానముగ పోటీపడిన యిద్దరును తెలుగువారే. బరంపురమున జన్మించిన వి. వి. గిరిగారు స్వతంత్రులుగ నిలిచిరి. నీలం సంజీవరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున నిలిచిరి. అంతరాత్మ ప్రబోధము ననుసరించి వోటు వేయుడని ప్రధానమంత్రి ఇందిరాగాంధి తమ పక్షమువారికి చెప్పిరి. గిరిగారు గెలిచిరి. పక్షాజ్ఞకంటె అంతరాత్మ మిన్న యనుట మంచి పాఠము. కాని ఆ పాఠము చెప్పిన నాయకత్వమే 1975 జూన్ 25న ఆత్యయిక పరిస్థితిని ప్రకటించి, అంతరాత్మ ననుసరించి మాటాడిన వేలమందిని చెరసాలల కంపినది. దేశమును ఇందిరను ఏకముచేసి చెప్పు నినాదము పాలకపక్షాధ్యక్షుని నోట వెలువడినది. తంజావూరి నాటకశాలలో వినబడిన పాటయే ఢిల్లీలో మరల వినబడినది.

1977 మార్చిలో ఉత్తరదేశపు ప్రజలు ఆమెను ఓడించిరి. ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 కాంగ్రెసునకే వచ్చినవి. 1978లో కర్ణాటకమందలి చిక్కమగళూరు ఆమెను పార్లమెంటునకు పంపినది. 1980లో మెదకు గెలిపించినది. ఓడించినవారు ద్రోహులు కారు, గెలిపించినవారు దాసులు కారు. వారు తీర్పు చెప్పిరి, మరల తీర్పు మార్చుకొనిరి. మార్చుకొనుటకు వీలుండుటయే పౌరధర్మమునకు ప్రాణము. భక్తిలో ఆ వీలు లేదు. అందుచేతనే భక్తి దేవునికి తగును, నాయకునికి తగదు.

యుద్ధాది విపత్తులలో నాయకుని వెంట నడువవలదా యని కొందరడుగుదురు. చట్టమునకు లోబడుట, పన్ను చెల్లించుట, ఆపదలో తోడ్పడుట తప్పక చేయవలసినవే. కాని నోరు మూసికొనుట వానిలో జేరదు. 1962లో చైనాతో యుద్ధము నడచుచుండగనే పార్లమెంటు ప్రశ్నించినది, రక్షణమంత్రి కృష్ణమీనను రాజీనామా చేయవలసి వచ్చినది. దానివలన దేశము బలహీనపడలేదు. పదవికి మర్యాద, వ్యక్తికి కృతజ్ఞత, చట్టమునకు విధేయత అనునవి మూడును మంచివే. ఈ మూటిని కలిపి ముద్దచేసి భక్తి యని పేరుపెట్టినపుడే చిక్కు వచ్చును.

ఇక మనకు ప్రత్యేకముగ వర్తించు మాట యొకటి కలదు. పరభాషా ప్రాంతములలో అల్పసంఖ్యాకులమై యున్న మనవారిలో ఒక లౌక్యము ప్రబలియున్నది. పాలించువారెవరైనను వారికి దండ వేసినచో మన బడులు, మన భవనములు నిలుచునని తలంతురు. సంఘ సంచికల మొదటి పుటలు నాయకుల స్తుతులతో నిండుట ఈ లౌక్యము వలననే. పెద్దలను సత్కరించుట తప్పుకాదు. కాని మన బడి ఎవరి దయవలన నిలువవలసియున్నదో విచారింపుడు. 29వ, 30వ అధికరణములు భాషా సంస్కృతులను కాపాడుకొను హక్కును, విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కును ఇచ్చినవి. 1956లో ఏడవ సవరణచే వచ్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కలుగునట్లు రాష్ట్రములు తగు సౌకర్యములు చేయవలెనని నిర్దేశించినది. అయినను మన పిల్లల తరగతులు తగ్గుచున్న చోట్ల మనము ఈ యధికరణమును పట్టుకొని యడుగుటకంటె, నాయకుని దర్శనమునకై ద్వారమున నిలుచుటయే యెక్కువ. రాజిచ్చిన అగ్రహారము వంశము మారగనే పోవచ్చును. దయతో దొరికిన తరగతి దయ తీరగనే మూతపడును. హక్కుగ దొరికినది నాయకుడు మారినను నిలుచును. యానాము ప్రజలు 1954లో ఫ్రెంచి పాలననుండి భారతమునకు వచ్చిరి. పతాకము మారినది, పాలకులు మారిరి, వారి తెలుగు మారలేదు.

నాయకునియందు మనకు భక్తిఋణము లేదు. ఉన్నది సత్యము చెప్పవలసిన ఋణము మాత్రమే. మంచి చేసిన మెచ్చుకొందము, చెడు చేసిన మర్యాదతో చెప్పుదము, మన బిడ్డల బడిని గూర్చి హక్కుగ నడుగుదము. ఆముక్తమాల్యదను చదివి ఆనందించువారు, మొరపెట్టినవారి మాట వినుమని కృష్ణరాయలు చెప్పినదానిని నేటి పాలకులకు చదివి వినిపించుట రాయలకు చూపదగిన నిజమైన గౌరవమని మా విశ్వాసము.